వెదురు దడి వేయడం ఎలా: చూపు దూరకూడదు, వేరు పాకకూడదు

"వెదురు వేస్తే తోటంతా పాకిపోతుందట కదా?", "ఎన్నాళ్లకు గుబురు కడుతుంది?", "గోడకు ఏమైనా అవుతుందా?" ఈ మూడు ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తుంటాయి. వీటికి జవాబు చాలావరకు మొక్క నాటకముందే తేలిపోతుంది: ఏ రకం తెస్తున్నారు, దానికి ఎంత చోటు వదులుతున్నారు. ఆ రెండూ సరిగ్గా కుదిరితే మిగతాదంతా నీళ్లు పోయడం, ఓపిక పట్టడం.

ముందుగా రెండే సంగతులు తెలుసుకోండి, ఇంతకు మించి శాస్త్రం అక్కర్లేదు.

పాకే వెదురుకు భూమిలోని దుంప తాడులా పొడుగ్గా సాగిపోతూ దారి పొడవునా పిలకలు వేస్తుంది. దుబ్బు కట్టే వెదురు దుంప అల్లం కొమ్ములా పొట్టిగా, లావుగా ఉండి, కాస్త దూరంలోనే పైకి తిరిగి తానే గడ అయిపోతుంది. అందుకే దుబ్బు ఏటా అంచుల్లో కొద్దికొద్దిగా వెడల్పవుతుందే తప్ప పది అడుగుల అవతల తేలదు. దడికి దుబ్బు వెదురే తీసుకోవాలి.

రెండోది, గడ నేలలోంచి వచ్చేటప్పుడే దాని లావు ఖాయమైపోతుంది. చిటికెన వేలంత లావుతో వచ్చింది చివరిదాకా చిటికెన వేలే. రెండు మూడు నెలల్లో ఎంత ఎత్తు పెరగాలో అంతా పెరిగి ఆగిపోతుంది. ఆపైన కొమ్మలు, ఆకులు వేయడమే. మరుసటి ఏడు వచ్చే పిలకలు ఇంకాస్త లావుగా, ఎత్తుగా వస్తాయి. "మొక్క నాటి ఆరు నెలలైనా అంగుళం పెరగలేదు" అని కంగారు పడేవాళ్లు చూడాల్సింది పాత గడను కాదు, దాని మొదట్లో కొత్త పిలక వచ్చిందా లేదా అన్నది.

కావలసినవి (32 అడుగుల దడికి)

- 4 అడుగుల ఎడంతో 8 మొక్కలు
- బాగా చివికిన పశువుల ఎరువు లేదా కంపోస్టు, మొక్కకు ఒక పెద్ద బుట్ట
- ఎండుగడ్డి, ఎండాకులు లేదా చెక్కపొట్టు, 4 అంగుళాల మందాన పరచడానికి సరిపడా
- గునపం, పార, కొలత టేపు, పురికొస
- డ్రిప్ పెట్టేట్టయితే మొక్కకు గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు రెండేసి
- కొమ్మలు కత్తిరించే కత్తెర, సన్న పళ్ల చేతిరంపం
- మందపాటి చేతి తొడుగులు. కొత్త పిలకల మీది పొరలకు కంటికి ఆనని నూగు ఉంటుంది. అది చేతికి గుచ్చుకుంటే రోజంతా దురదే.

1. ముందు ఎత్తు తేల్చుకోండి

మీరు మామూలుగా కూర్చునే చోట కూర్చోండి. ఇంకొకరిని దడి రావలసిన గీత మీద పొడుగు కర్ర పట్టుకుని నిలబడమనండి. కర్ర చివర గుడ్డ కట్టండి. ఏ కిటికీ కనబడకూడదో ఆ కిటికీని గుడ్డ కప్పేదాకా కర్ర ఎత్తించి, నేల నుంచి గుడ్డ దాకా కొలవండి. దానికి 2 అడుగులు కలపండి, ఎందుకంటే వెదురు తల వంగుతుంది. చాలామందికి 10 నుంచి 14 అడుగులు సరిపోతాయి. వాళ్లే 40 అడుగుల రకం తెచ్చి, ఏటా నిచ్చెన వేసుకుని తల నరుకుతూ అవస్థ పడుతుంటారు.

2. రకం ఎంచుకోండి

బాంబూసా మల్టిప్లెక్స్: దడికి మొదట చూడాల్సింది ఇదే. 10 నుంచి 20 అడుగులు పెరుగుతుంది, కింది నుంచే గుబురుగా ఆకు పడుతుంది, కత్తిరిస్తే ఓర్చుకుంటుంది. సుమారు మైనస్ 8, 9 డిగ్రీల చలి దాకా తట్టుకుంటుంది. ఇందులో 'ఆల్ఫాన్స్ కార్' రకానికి పసుపు గడ మీద పచ్చ చారలుంటాయి.

బాంబూసా టెక్స్‌టిలిస్ గ్రాసిలిస్: 20, 25 అడుగుల దాకా నిటారుగా, సన్నగా లేస్తుంది. చోటు ఇరుకైతే చాలా బాగుంటుంది. కానీ కింది భాగంలో కొమ్మలుండవు. మేడ మీది చూపును అడ్డుతుంది గానీ వీధిలో నడిచేవాళ్ల చూపును అడ్డదు. కింద ఏదో ఒక పొద మొక్క వేయక తప్పదు.

థైర్సోస్టాకిస్ సయామెన్సిస్: దుబ్బు బిగుతుగా కడుతుంది, ఎత్తు 25 అడుగులు దాటుతుంది. వేడి ప్రాంతాలకు, విశాలమైన చోటుకు.

ఫార్జీసియా జాతులు: మంచు కురిసే ప్రాంతాలకు ఇవే గతి. రూఫా 6 నుంచి 8 అడుగులు, రోబస్టా 12 అడుగులు దాటి పెరుగుతాయి. మండే ఎండలున్న చోట మాత్రం బతకవు, ఎంత నీళ్లు పోసినా.

వద్దనుకోవాల్సినవి: బాంబూసా ఓల్డ్‌హామీ 40 అడుగులు దాటుతుంది, మామూలు ఇంటి తోటకు మోయలేని బరువు. ముళ్ల వెదురును దాటి ఏదీ రాలేదు నిజమే, కానీ దాన్ని కత్తిరించడానికి మీరూ దగ్గరికి పోలేరు.

హెచ్చరిక: 'గోల్డెన్ బాంబూ' అన్న పేరు నమ్మి కొనకండి. ఆ పేరుతో బాంబూసా వల్గారిస్ విట్టాటా అమ్ముతారు, ఫిల్లోస్టాకిస్ ఆరియా కూడా అమ్ముతారు. మొదటిది దుబ్బు కట్టేదే అయినా గడలు విడివిడిగా వస్తూ చాలా చోటు తింటుంది. రెండోది పాకే వెదురు, ఒకసారి పట్టిందంటే పీకడం ఏళ్ల తరబడి పని. 'లక్కీ బాంబూ' సంగతి సరే సరి, అది అసలు వెదురే కాదు, డ్రసీనా.

3. మొక్కను చేత్తో పట్టి చూడండి

గడ మీద కొమ్మలు వచ్చే ఒక కణుపు దగ్గర వేలు పెట్టి, అక్కణ్నుంచి పై కణుపు దాకా మెల్లగా రాయండి. వేలికి ఒక పక్క పొడుగునా గాడి తగిలి, కణుపుకు రెండేసి కొమ్మలే ఉంటే అది ఫిల్లోస్టాకిస్, అక్కడే వదిలేయండి. బాంబూసా జాతుల్లో గడ గుండ్రంగా ఉంటుంది, కణుపు దగ్గర కొమ్మలు గుత్తిగా వస్తాయి.

సంచిలోని గడలు ఒక్క ముద్దగా కలిసి ఉన్నాయా, లేక సంచి అంచున దూరంగా ఒంటి పిలక తన్నుకొచ్చిందా చూడండి. దూరంగా వస్తే అనుమానించాల్సిందే.

ఎత్తు చూసి మోసపోకండి. 8 అడుగుల ఒంటి గడ కన్నా 3 అడుగులున్నా మూడు నాలుగు గడలు, ఒక కొత్త పిలక ఉన్న మొక్క మేలు. ఆ 8 అడుగుల గడ ఇక పెరగదు, దుబ్బు కట్టాల్సింది దాని కింది దుంపే.

అన్ని మొక్కలూ ఒకే రకం, ఒకే వయసువి తీసుకోండి. దడి ఎగుడుదిగుడుగా రావడానికి సగం కారణం ఇక్కడే ఉంటుంది.

4. చోటు గుర్తించండి

మల్టిప్లెక్స్, గ్రాసిలిస్ లాంటివైతే గోడ నుంచి మొక్క మొదలు దాకా కనీసం 4 అడుగులు వదలండి. పెద్ద రకాలైతే 8 నుంచి 10 అడుగులు. ఇది వేర్లు గోడను చీలుస్తాయన్న భయంతో కాదు. దుబ్బు ఏళ్ల తరబడి వెడల్పై గోడకు ఆనుకుంటే, బరువుకు తేలికపాటి ప్రహరీ ఒరగవచ్చు. అంతకంటే ముఖ్యం, గోడకూ దుబ్బుకూ మధ్య మనిషి దూరే సందు లేకపోతే వెనక వైపు ఎండిన గడలను ఎప్పటికీ తీయలేరు.

మొక్కకూ మొక్కకూ ఎడం 4 అడుగులు. త్వరగా కప్పేయాలంటే 3 అడుగులకు నాటవచ్చు, నాలుగైదేళ్ల తర్వాత పలచన చేసే పని మాత్రం ఎక్కువవుతుంది. 2 అడుగులకు దిగకండి.

పురికొస లాగి గీత గీసి, మొదటి మొక్కకు చివరి నుంచి 2 అడుగులు వదిలి గుర్తులు పెట్టండి. 2, 6, 10, 14, 18, 22, 26, 30 అడుగుల దగ్గర గుర్తులు పడతాయి. నీటి పైపులు, మురుగు పైపులు గీత కిందుగా పోతున్నాయేమో చూసుకోండి. దుబ్బు వెదురు మంచి పైపును పగలగొట్టదు గానీ, ఆ పైపు పాడైన రోజున దాని మీది దుబ్బును తవ్వడం మామూలు శ్రమ కాదు. వాన నీరు పారే చూరు గొట్టం కిందా వద్దు. ఏడాది పొడవునా ఆకు రాలుతుంది, గొట్టం పూడుకుపోతుంది.

దుబ్బు వెదురుకు నేలలో ప్లాస్టిక్ అడ్డుగోడ దించాల్సిన పని లేదు. అది పాకే వాటికి.

5. గుంత తీసి, నీరు ఇంకుతుందేమో చూడండి

వేడి ప్రాంతాల్లో వానలు మొదలయ్యే వేళ, చలి ప్రాంతాల్లో మంచు వెళ్లిపోయాక నాటడం మంచిది. నీటి వసతి ఉంటే మిగతా రోజుల్లోనూ నాటవచ్చు, ఎండలు మండిపోయే వారాలు తప్ప.

గుంత వెడల్పు సంచికి రెండింతలు ఉండాలి, లోతు సంచి ఎత్తుకు సరిగ్గా సమానం. లోతు ఎక్కువ తవ్వితే మట్టి దిగి మొక్క గుంతలో కూరుకుపోతుంది.

గుంత నిండా నీళ్లు నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపండి. మర్నాటికి కూడా నీళ్లు నిలిచి ఉంటే అక్కడ గుంతలో నాటకండి. వెదురుకు నీళ్లు ఎంత ఇష్టమో, నిలవ నీరు అంత పడదు, దుంప కుళ్లిపోతుంది. అలాంటి చోట వరుస పొడవునా అడుగు ఎత్తున, 3 అడుగుల వెడల్పున కట్ట పోసి దాని మీద నాటండి.

6. నాటండి

మొక్కను సంచితోనే ఒక గంట నీళ్ల తొట్టిలో ఉంచండి. ఎండిన మట్టిముద్ద నాటాక పైనుంచి పోసే నీళ్లను లోపలికి రానివ్వదు, పక్క నుంచి జారిపోనిస్తుంది.

సంచిని కోసి పూర్తిగా తీసేయండి. ప్లాస్టిక్ అయినా గోనె అయినా సరే. వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే మూడు నాలుగు చోట్ల అంగుళం లోతు గాట్లు పెట్టండి. గడలు పట్టుకుని ఎత్తకండి, కొత్త పిలకలు మొదట్లో పుటుక్కున విరుగుతాయి.

తవ్విన మట్టి మూడు పాళ్లు, చివికిన ఎరువు ఒక పాలు కలిపి చుట్టూ నింపి, కాలి మడమతో ఒత్తండి. మొక్క సంచిలో ఎంత లోతులో ఉందో నేలలోనూ అంతే ఉండాలి. పచ్చి పేడ వద్దు, వేడికి వేర్లు మాడతాయి, చెదలూ చేరతాయి.

చుట్టూ 3 అడుగుల వెడల్పు పాదు కట్టి, 15, 20 లీటర్ల నీళ్లు నిదానంగా పోయండి. పైన 4 అంగుళాల మందాన ఆకులో గడ్డో పరవండి. గాలి గట్టిగా వీచే చోటైతే రెండు కర్రలు పాతి మొక్కను వదులుగా కట్టండి. మొక్క ఊగిన ప్రతిసారీ కొత్త వేరు తెగుతుంది.

7. మొదటి ఏడాది నీళ్లు

మొదటి రెండు వారాలు రోజూ మొక్కకు 10 లీటర్లు. ఆపైన మూడు నెలల దాకా రోజు విడిచి రోజు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 15, 20 లీటర్లు. రెండు డ్రిప్పర్లు రెండు గంటలు నడిస్తే 16 లీటర్లవుతుంది. వాన పడిన వారం మానేయండి. ఇసుక నేలకు ఇంకాస్త తరచుగా, బంకమట్టికి ఇంకాస్త ఎడంగా.

నీరు చాలిందా లేదా అన్నది ఆకే చెబుతుంది. దాహమేస్తే ఆకు పొడుగునా చాపలా చుట్టుకుని సూదిలా కనబడుతుంది. మిట్టమధ్యాహ్నం చుట్టుకున్నా సాయంత్రానికి విచ్చుకుంటే ఫరవాలేదు. పొద్దున్నే చుట్టుకుని ఉంటే వెంటనే నీళ్లు పెట్టండి. అయితే ఆకులు పసుపు పచ్చగా మారి రాలుతూ, పాదులో రెండంగుళాల లోతున మట్టి బురదగా ఉంటే మీరు పోస్తున్నది ఎక్కువైంది.

8. ఎరువు

నాటిన రెండు నెలల దాకా ఏ రసాయన ఎరువూ వద్దు. ఆ తర్వాత ఏటా పిలకలు వచ్చే కాలానికి కాస్త ముందు దుబ్బుకు రెండు బుట్టల కంపోస్టు వేయండి. వెదురు గడ్డి జాతి, నత్రజనికి బాగా స్పందిస్తుంది. యూరియా వేసేవాళ్లు చిన్న దుబ్బుకు 50 గ్రాములకు మించకుండా, మొదలుకు అడుగు దూరంలో చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి.

రాలిన ఆకును ఊడ్చి పారేయకండి. వెదురు నేలలోంచి తీసుకున్న సిలికా చాలా భాగం ఆ ఆకులోనే ఉంటుంది, కుళ్లి తిరిగి దుబ్బుకే చేరాలి. నిప్పు భయం ఉన్న చోట మాత్రం ఇంటి గోడ పక్కన మేట వేయనివ్వకుండా పలచగా ఉంచి తడుపుతుండండి.

దుబ్బు వెదురు దుంపలు ఏళ్లు గడిచేకొద్దీ నేల పైకి తేలతాయి. ఏటా ఒకసారి మొదట్లో 4 నుంచి 6 అంగుళాల మట్టి ఎగదోయండి. చాలామంది మరిచే పని ఇది. తేలిన దుంపకు ఎండ తగిలితే పిలకలు సన్నగా వస్తాయి.

9. సరిగ్గా పెరుగుతోందా?

రెండు నెలలకు మొదలు పట్టుకుని మెల్లగా కదపండి. మొక్కతో పాటు మట్టి కదిలితే వేరు పట్టింది. మట్టి కదలకుండా మొక్క ఒక్కటే ఊగితే ఇంకా పట్టలేదు, కర్ర ఊతం తీయకండి.

మొదటి ఏడాది రెండు మూడు సన్నని పిలకలు వచ్చినా చాలు. రెండో ఏడు వచ్చేవి నాటిన గడల కంటే ఎత్తుగా ఉండాలి. మూడో ఏడు ముగిసేసరికి మొక్కల మధ్య సందు పైభాగంలో మూసుకోవాలి. మూడు నుంచి ఐదేళ్లకు దడి నిండుగా కనబడుతుంది. ఏటా ఒకే చోట కూర్చుని ఒక ఫోటో తీసి పెట్టుకోండి, కంటికి తెలియని తేడా ఫోటోలో తెలుస్తుంది.

రెండో ఏడు కూడా ఒక్క పిలకా రాకపోతే మూడు చూడండి: నీడ ఎక్కువైందా, మొదలు దాకా పచ్చిక గడ్డి అల్లుకుందా, లోతుగా నాటారా. గడ్డిని చేత్తోనే తీయండి. గ్లైఫోసేట్ లాంటి కలుపు మందు వెదురుకూ విషమే.

10. కత్తిరింపు

మొదటి రెండేళ్లు పచ్చి గడ ఒక్కటీ కోయకండి. కొత్త పిలకను పోషించేది పాత గడ ఆకులే.

ఎత్తు తగ్గించాలంటే: కొత్త గడ పూర్తిగా ఎదిగి, కొమ్మలు విచ్చి ఆకు వేశాక, కావలసిన ఎత్తులో కణుపుకు సరిగ్గా పైన కోయండి. ఆ గడ ఇక పెరగదు, కింది కొమ్మలు ఒత్తవుతాయి. ఎదుగుతుండగానే తల తుంచితే గడ కుళ్లవచ్చు, మొండిగానూ మిగిలిపోతుంది. వచ్చే ఏటి గడలకు మళ్లీ కోత తప్పదు.

వెడల్పు ఆపాలంటే: గీత దాటి వచ్చిన పిలక అడుగు ఎత్తు లోపు ఉండగానే చేత్తో విరిచేయండి, లేదా పారతో ఒక్క పోటు. ఏడాదికి రెండు మూడు వారాల పని. నెలలు ఆలస్యం చేస్తే అదే పనికి రంపం కావాలి.

పలచన చేయాలంటే: మూడో ఏడు దాటాక, పిలకలు వచ్చే కాలం కానప్పుడు. ముందు ఎండిన గడలు, తర్వాత మూడేళ్లు దాటినవి. వయసు ఇలా పోల్చుకోండి: ఈ ఏటి గడకు ఒంటి మీద పొరలు, తెల్లటి బూడిద ఉంటాయి. మరుసటి ఏటికి పొరలు రాలి రంగు నిగనిగలాడుతుంది. మూడు దాటితే రంగు మాసి, మచ్చలు, పాచి పడుతుంది. ఒక్క ఏడులో మొత్తం గడల్లో మూడో వంతుకు మించి తీయకండి.

నేలకు దగ్గరగా ఉన్న కణుపుకు ఆనించి పైన కోయండి. కణుపుకు పైన బెత్తెడు వదిలితే అది గిన్నెలా వాన నీరు పట్టి దోమలకు తొట్టి అవుతుంది.

దడి 'అందంగా' కనబడాలని కింది కొమ్మలు గీకేయడం అన్నిటికంటే ఎక్కువగా చేసే తప్పు. ఒకసారి తీసేసిన కింది కొమ్మలు మళ్లీ ఒత్తుగా రావు, కళ్ల ఎత్తులో చూపు నేరుగా దూరిపోతుంది.

చీడలు

ఆకు మీద లేత పసుపు చుక్కలు వరుసగా కనబడి, అడుగున సాలెగూడులాంటి సన్నని అల్లిక ఉంటే నల్లి. పొరల కింద తెల్లని దూదిలా ఉండి చీమలు తిరుగుతుంటే పిండినల్లి. ఆకు మీద నల్లటి మసి పేరితే అది పేనుబంకో పిండినల్లో విసర్జించే తీపి జిగురు మీద పెరిగిన బూజు, పురుగు పోతే మసీ పోతుంది. ముందు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి ఆకు అడుగు కడగండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట వారం రోజుల ఎడంతో మూడుసార్లు పిచికారీ చేయండి.

కొత్త చిగురు వచ్చే ముందు పాత ఆకులు పసుపై రాలడం మామూలే, దానికి మందు కొట్టకండి.

నేల లేకపోతే

కుండీల్లోనూ దడి వేయవచ్చు, మల్టిప్లెక్స్ పొట్టి రకాలతో. 20 అంగుళాల లోతు, అంతే వెడల్పు తక్కువ కాకూడదు. అడుగున రంధ్రాలుండాలి. నేలలో కన్నా ఎత్తు బాగా తగ్గుతుంది, ఎండాకాలం రోజూ నీళ్లు పోయాలి. రెండు మూడేళ్లకోసారి ముద్దను బయటికి లాగి, రంపంతో రెండుగా కోసి ఒక సగమే తిరిగి పెట్టండి. ఈ పని వాయిదా వేస్తే వేర్లు కుండీనే పగలగొడతాయి.

మధ్యలో ఒకటి చస్తే

ముందు గోటితో గడను గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే, లేదా కణుపు మొగ్గలు గట్టిగా ఉంటే ఇంకో కాలం ఆగండి. ఆకంతా రాల్చిన వెదురు దుంప నుంచి మళ్లీ లేవడం కొత్తేమీ కాదు.

నిజంగా పోయిందని తేలితే పక్క దుబ్బు నుంచే పిలక తీయండి. అంచున ఉన్న, ఏడాది రెండేళ్ల వయసున్న గడను ఎంచి, 3 అడుగుల ఎత్తులో తల కోయండి. చుట్టూ మట్టి తీసి, దుంప తల్లి దుబ్బుకు కలిసే సన్నని మెడ దగ్గర పదునైన గునపంతో ఒక్క దెబ్బలో తెంచండి. నలిగితే కుళ్లుతుంది. వేర్లు ఆరకుండా తడి గోనెలో చుట్టి, అదే రోజు నాటండి. పిలకలు మొదలయ్యే కాలానికి కాస్త ముందు చేస్తే బాగా బతుకుతాయి. ఒకటి కావాలంటే రెండు తీసి పెట్టుకోండి, రెండోదాన్ని కుండీలో ఉంచండి.